మామ్మకి చిల్లంగి వచ్చన్న ఏడాది

పిల్లలకి నీళ్లు పోయడం నాకు రాదు. హిస్టరీలో ఎం.ఏ. చేశాను, బడిలో తరగతి మొత్తాన్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలను, ఒళ్లు మండితే హెడ్మాస్టరుగారినే నిలదీయగలను. కానీ నెలల పిల్లని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, కళ్లలో నీళ్లు పడకుండా తల రుద్దడం మాత్రం నా వల్ల కాలేదు. పురిటికి పుట్టింటికి వెళ్లినన్నాళ్లూ ఆ పని మా అమ్మ చూసుకుంది. తిరిగి వచ్చాక మొదటిసారి నేను ప్రయత్నించినప్పుడు మా అమ్మాయి చేతుల్లోంచి సబ్బుబిళ్లలా జారబోయింది. నేను కెవ్వుమన్నాను. అది నాకన్నా గట్టిగా కెవ్వుమంది. ఆ కేకలకి వెనక పాకలోంచి మామ్మ పరుగున వచ్చి పిల్లని లాక్కుంది.

"ఏటి సేత్తన్నావే పంతులమ్మా? గుంటని సంపేత్తావేటి? ఇటియ్యి."

ఆ రోజు నుంచి నీళ్లు పోసే పని ఆవిడదే అయింది.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. కూర్మన్నపాలెం దగ్గర, ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు ఇళ్లు కట్టుకున్న కాలనీలో ఉండేవాళ్లం. మామ్మ మా ఇంటి ఓనరు. ముందు గదీ వంటిల్లూ మాకు అద్దెకిచ్చి తాను వెనక తాటాకు పాకలో ఉండేది. సిమెంటు శ్లాబు కింద పడుకుంటే ఆవిడకి ఊపిరాడదట. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మా ఆయనకి పోర్టులో ఉద్యోగం, నాకు దగ్గర్లోనే బడి. మేమిద్దరం గోదావరి జిల్లా వాళ్లం కాబట్టి ఆవిడని మామ్మా అని పిలవడం నాకు నోటి అలవాటు. ఆవిడ నన్ను పేరు పెట్టి ఒక్కసారీ పిలవలేదు. పంతులమ్మనే.

మామ్మ నీళ్లు పోసిన పిల్లలు కాలనీలో ఎంతమందో లెక్కలేదు. పొద్దున్నే గోచీ బిగించినట్టు చీర పైకి దోపుకుని, పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే, బాలింతలు పిల్లల్నెత్తుకుని వరసగా నిలబడేవాళ్లు. ముక్కు తిన్నగా లేదని నొక్కేది, తల గుండ్రంగా లేదని సరిచేసేది, "నీ అయ్య బుర్రే వొచ్చినాదిరా నీకు" అని మగపిల్లల్ని తిట్టేది. నీళ్లు పోశాక సాంబ్రాణి పొగ వేసి, గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేది. కడుపునొప్పికి వస కొమ్ము అరగదీసి నాకించేది. జ్వరాలకి ఏదో గొణుగుతూ తాయెత్తు దారం కట్టేది.

"ఏం చదువుతావు మామ్మా?" అని అడిగితే కోపం వచ్చేది.

"సెప్తే పని సెయ్యదు. నువ్వు బళ్లో సెప్పే పాటం లాంటిదేటి అది?"

పాత ఊళ్లో అమ్మోరికి ఘటం ఎత్తింది కూడా ఈవిడే. ఆవిడకి ముందు ఆవిడ అత్త, ఆ అత్తకి ముందు ఆమె అత్త. పండగ రోజున పసుపునీళ్లూ వేపమండలూ ఉన్న కుండ నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగితే, గడప గడపకీ ఆడవాళ్లు కాళ్ల మీద బిందెలతో నీళ్లు కుమ్మరించేవారు. ఆ ఒక్క రోజూ ఆవిడ ఎవరి కోడలూ కాదు, ఎవరి వితంతువూ కాదు. ఊరే ఆవిడకి మొక్కేది. ఆ సంగతి చెప్పేటప్పుడు మామ్మ మొహం చూడాలి, పెళ్లికూతురు సిగ్గు పడ్డట్టు ఉండేది.

నేను తరగతిలో ప్రాచీన చరిత్ర మొదలుపెట్టినప్పుడల్లా మట్టితో చేసిన అమ్మవారి బొమ్మ దగ్గర ఆగిపోతాను. రాజులు రాకముందు, గుళ్లు కట్టకముందు, అక్షరాలు పుట్టకముందు మనుషులు గుప్పెడు మట్టి తీసుకుని పెద్ద పొట్టతో, నిండు రొమ్ములతో ఒక ఆడమనిషిని చేసుకున్నారు. పేరు తెలీదు. మంత్రం తెలీదు. కానీ ఏం కోరుకున్నారో మాత్రం బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. పిల్లలు పుట్టాలి, పుట్టిన పిల్లలు బతకాలి. ఆ పాఠం చెబుతుంటే ఒకసారి వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "ఇది మా అమ్మోరే టీచర్, మా కాడ మొహం నేదు, అంతే" అంది. తరగతంతా నవ్వింది. నేను నవ్వలేదు. అది నిజమని నాకు తెలుసు.

మామ్మ వాళ్ల అమ్మోరికి మొహం లేదు. పాత ఊరి జీడితోట చివర మోకాలెత్తు బండరాయి, దానికి పసుపూ కుంకుమా, పక్కన పాతిన శూలం. అంతే. గుడి లేదు, పూజారి లేడు, తలుపు లేదు. మా ఊరివైపు కూడా ఇలాంటి తల్లులు పొలిమేరల్లో ఉన్నారు గానీ, మేం పెద్ద గుడికి వెళ్లేవాళ్లం కాబట్టి దారిలో వాళ్లకో దండం పెట్టి వెళ్లిపోయేవాళ్లం. అసలు పెద్దావిడ ఆ పొలిమేరలో ఉన్నావిడేనని ఎం.ఏ. చదివితే గానీ నాకు అర్థం కాలేదు.

ఊరు ఖాళీ చేసేటప్పుడు ఆ రాయి అక్కడే ఉండిపోయింది. కాలనీలో సిమెంటు గుడి కట్టి, అందులో మొహమూ చేతులూ కిరీటమూ ఉన్న కొత్త విగ్రహం పెట్టాక, ముందున్న తల్లిని కూడా తెచ్చి విగ్రహం పాదాల దగ్గర ప్రతిష్ఠించాలని పెద్దలు నిర్ణయించారు. అప్పటికి నాకు అయిదో నెల. మా ఆయన వద్దన్నా వినకుండా వాళ్లతోపాటు లారీ ఎక్కి వెళ్లాను. చరిత్ర చదివినవాళ్లకి ఉండే జబ్బు అది, రాయి కదులుతోందంటే ఇంట్లో కూర్చోలేరు.

అమ్మోరిని కదపాలంటే ముందు అడగాలి. అడగడమంటే రాయికి నీళ్లు పోసి, తడి మీద ఒక మందారపువ్వు అతికించి, చేతులు కట్టుకుని నిలబడటం. పువ్వు తనంతట తాను కుడివైపు రాలితే సరే అన్నట్టు. ఎడమవైపు రాలితే వద్దన్నట్టు. ఎంతసేపు పట్టినా ఎవరూ ముట్టుకోకూడదు, ఊదకూడదు, దగ్గరికి పోకూడదు. పొలం అమ్మాలన్నా పిల్లనివ్వాలన్నా ఆ ఊరివాళ్లు అలాగే అడిగేవారట.

మామ్మే పువ్వు పెట్టింది. అందరం నిలబడ్డాం. ఎండ మండుతోంది. లారీ డ్రైవరు వచ్చిపోతూ టైము చూసుకుంటున్నాడు. కాసేపటికి దూరంగా హారన్ మోగింది. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ స్థలం చదును చేయడానికి రాళ్లు పేలుస్తుండేవాళ్లు. పేలుడు శబ్దం వచ్చింది, కాళ్ల కింద నేల సన్నగా వణికింది, పువ్వు కుడివైపుకి రాలింది.

"అమ్మ ఒప్పుకున్నాదిరో!" అని కాలనీ పెద్దాయన కేకపెట్టాడు. డప్పులు మోగాయి. ఆడవాళ్లు నాలుక తిప్పుతూ అరుస్తున్నారు. నేను మామ్మ మొహం చూశాను. ఆవిడ కదల్లేదు.

"అది అమ్మ మాట కాదు. బాంబు మాట. మల్లీ అడుగుదుం. అమ్మ ఒప్పుకోనేదు" అంది.

నేల కదిలిన సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. అరికాళ్లకి తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ వాళ్లు ఇళ్లు వదిలారు, నూతులు వదిలారు, తాతల సమాధులు వదిలారు. తల్లి కూడా మాతో వస్తానందన్న ఒక్క మాట వాళ్లకి కావాలి. ఆ మాట ఎవరు చెప్పినా సరే, చివరికి మందుగుండు చెప్పినా సరే. అంత బలంగా కావాలనుకున్నవాళ్లని తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

"ఊరుకోయే అప్పా. బాంబు పేల్చేటట్టు సేసింది మాత్రం అమ్మ కాదేటి?" అని పెద్దాయన తేల్చేశాడు. నలుగురూ గునపాలు పట్టారు. రాయిని లారీ ఎక్కించారు.

కొత్త గుడిలో పూజారిని పెట్టారు. రాయి గర్భగుడిలోకి వెళ్లింది, మామ్మ గడప బయట ఉండిపోయింది. ఘటం ఎత్తడానికి పండగనాడు పిలుస్తామన్నారు. ఆవిడ అలిగిందని అందరూ అనుకున్నారు. నిజంగానే అలిగింది. తన తల్లిని వేరే ఇంట్లో కాపురం పెట్టిస్తే ఎవరికైనా ఉంటుంది కదా.

ఏడాది తిరిగింది. ఈలోగా మా అమ్మాయి పుట్టింది, నేను చెప్పినట్టు మామ్మ కాళ్ల మీదికి చేరింది. ఆ సంవత్సరం వానలు ఆగకుండా పడ్డాయి. వీధులన్నీ బురద, నూతుల్లోకి వరదనీరు. పిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. చాలామంది లేచి తిరిగారు. ఒక్క పిల్లవాడు మాత్రం లేవలేదు.

వాడు మా ఎదురింటి అమ్మాయి కొడుకు. ఆ అమ్మాయి మామ్మకి కోడలి వరస, అత్తా అని పిలుస్తుంది. ఇరవై నిండాయో లేదో. వాడికి పుట్టినప్పటి నుంచీ నీళ్లు పోసింది మామ్మే. మాటలు రాగానే మొదట పిలిచింది కూడా మామ్మనే. అలాంటివాడికి జబ్బు చేస్తే మామ్మ దారం కట్టింది, వస నాకించింది, ఆపైన తానే గట్టిగా కేకలేసి పెద్దాసుపత్రికి పంపించింది. ఆసుపత్రిలో వాళ్లు చేయవలసిందంతా చేశారు. ఒంట్లో నీరు అయిపోయిన పసివాడు, ఆగలేదు.

ఆ అమ్మాయి ఏడవలేదు. వాకిట్లో కూర్చుని మా ఇంటివైపు చూస్తూ ఉండేది. నాకు ఆ చూపంటే భయం వేసేది.

తర్వాత మాట పుట్టింది. ఎవరు పుట్టించారో చెప్పలేను. అమ్మ ఒప్పుకోలేదని ఆ రోజు ఎవరన్నారు? ఆవిడే. అంటే ఇలా అవుతుందని ఆవిడకి ముందే తెలుసు. ముందే తెలుసంటే చేసింది కూడా ఆవిడే. గుడిలోకి రానివ్వలేదని కక్ష. పిల్లలు లేరు కాబట్టి పిల్లలున్నవాళ్లంటే కడుపుమంట. ఆ గొణుగుడు మంత్రాలేమిటి మరి? ఎవరికైనా ఎప్పుడైనా చెప్పిందా? కూరగాయలామె బుట్ట దించుతూ నాతో అంది, "ఆవిడకి చిల్లంగి వొచ్చమ్మా, నీకు తెల్దేటి?"

చిల్లంగిని మా వైపు చేతబడి అంటాం. నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడో చలి దేశాల్లో ముసలమ్మల్ని ఇలాగే మంత్రగత్తెలన్నారు. వాళ్లూ మంత్రసానులే, ఆకులూ వేర్లూ తెలిసినవాళ్లే, పొలిమేర రాళ్లకి దీపం పెట్టినవాళ్లే. పెద్ద దేవుడు వచ్చి పెద్ద గుడి కట్టుకోగానే చిన్న రాయి దగ్గర కూర్చున్న ఆడది అనుమానం మనిషి అయిపోయింది. ఇన్నాళ్లూ దాన్ని అయిపోయిన చరిత్ర అనుకున్నాను. పరీక్ష రాసి మర్చిపోయే చరిత్ర. అది మా పెరట్లో నీళ్లు కాచుకుంటోందని అనుకోలేదు.

పొద్దున్నే వరసలో నిలబడే బాలింతలు ఒక్కొక్కరే రావడం మానేశారు. మామ్మ మాత్రం కాగు కింద మంట పెట్టి, పీట వేసుకుని, కాళ్లు చాపుకుని ఎదురుచూసేది. నీళ్లు కాగి కాగి చల్లారిపోయేవి. చివరికి ఒక్క మా పిల్లే మిగిలింది.

అప్పుడు మా అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది. కాలనీ మాటలు తన చెవిన కూడా పడ్డాయి.

"ఏవే, నీకు మతి గానీ పోయిందా? అంతమంది అనుకుంటుంటే ఆవిడ చేతికి పిల్లనిస్తావా?"

"అంతమందీ అనుకుంటే అబద్ధం నిజం అయిపోతుందా?"

"నిజమని నేనన్నానా? ఏవో, మన జాగ్రత్తలో మనం ఉండాలి గదా."

"నీ జాగ్రత్త నువ్వు ఊరు వెళ్లాక చూసుకో" అన్నాను. మా అమ్మ మూడు పూటలు నాతో మాట్లాడలేదు. ఆ వారం పిల్లకి కాస్త జలుబు చేసింది. నిద్రలో దాని ఛాతీ మీద చెవి పెట్టి వింటూ కూర్చునేదాన్ని. చదువు ఒకవైపు, తల్లి ప్రాణం ఒకవైపు, రెండూ నాలోనే కొట్టుకున్నాయి.

అయినా మర్నాడు పిల్లని తీసుకుని వెళ్లాను. మామ్మ అరచేతిలో నూనె పోసుకుంది. పిల్ల రొమ్ము మీద చెయ్యి పెట్టింది. జలుబుకి పిల్ల గురకపెట్టింది. మామ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"తీసుకుపో పంతులమ్మా" అంది.

"ఎందుకు మామ్మా? ఉత్త జలుబే."

"తీసుకుపోయే తల్లీ. దీనికేటైనా అయితే నన్ను సంపేత్తారు." చెయ్యి తీసేసుకుని మెల్లగా అంది, "అది కాదు. ఆల్లు సంపితే సంపనీ. నా నోరే తగిలినాదేమో అని నాకే బయవేత్తంది. ఆ దినం అమ్మ ఒప్పుకోనేదన్నాను. ఆ మాట నాను అనకుండా ఉంటే గుంటడు బతికుండేవోడేమో."

చిల్లంగి మాట కాలనీ అంటే నాకు కోపం వచ్చింది. ఆ మాట ఆవిడే తన గురించి నమ్మడం మొదలుపెట్టిందని తెలిశాక నాకు ఏడుపు వచ్చింది. అక్కడే పీట పక్కన కూర్చుని ఏడ్చాను. ఆవిడ నన్ను ముట్టుకుని ఓదార్చడానికి కూడా భయపడింది.

ఆ తర్వాత ఆదివారం కాలనీ పెద్దాయన మామ్మని గుడికి పిలిపించాడు. చెడ్డవాడేం కాదు, ఊళ్లో గొడవ ముదిరి ఎవడైనా ఆవిడ మీద చెయ్యి చేసుకుంటాడేమోనని ఆయన భయం. అమ్మనే మళ్లీ అడుగుదాం అన్నాడు. పువ్వు కుడికి రాలితే ముసలామె మీద ఏ నిందా లేదు. ఎడమకి రాలితే ఆవిడ కాలనీ విడిచి ఎక్కడికైనా పోవాలి. కుడికి రాలగానే మొక్కు తీర్చడానికి మేకని కూడా తెచ్చి గుడి ముందు స్తంభానికి కట్టించాడు. ఆ మేకని చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది, ఆయన మనసు ఎటుందో తెలిసింది కాబట్టి.

రాయిని గర్భగుడిలోంచి తేవడం కుదరదు గనుక తలుపులు బార్లా తీశారు. పూజారి నీళ్లు పోసి మందారం పెట్టి బయటికొచ్చాడు. మండపంలో ఒక పక్క మామ్మ, ఎదురుగా కొడుకుని పోగొట్టుకున్న అమ్మాయి. మిగిలిన జనం చుట్టూ. నేను పిల్లనెత్తుకుని మామ్మ వెనక కూర్చున్నాను. మా అమ్మ కూడా వచ్చింది, ఎందుకొచ్చావంటే చెప్పలేదు గానీ వచ్చి నా పక్కనే కూర్చుంది.

పువ్వు రాలలేదు. ఎండెక్కింది. ఇక్కడ బాంబులూ లేవు, గాలీ లేదు, సిమెంటు గోడలు. తడి ఆరుతున్నకొద్దీ పువ్వు రాయికి మరింత అంటుకుపోయింది. ఒకాయన తువ్వాలుతో విసురుకోబోతే అందరూ తిట్టి కూర్చోబెట్టారు. పొద్దు నడినెత్తికొచ్చింది. రెండో షిఫ్టుకి వెళ్లాల్సినవాళ్లు లేచి వెళ్లారు. పొయ్యి మీద కూర మాడుతుందని ఇంకొందరు వెళ్లారు. పూజారి స్తంభానికి ఆనుకుని కునుకు తీశాడు.

ఆ అమ్మాయి లేవలేదు. పువ్వుని చూడటం మానేసి మామ్మనే చూస్తోంది. ఉన్నట్టుండి నోరు విప్పింది. కొడుకు పోయిన తర్వాత ఆ అమ్మాయి గొంతు వినడం నాకదే.

"అత్తా. అందరి గుంటల్నీ బాగుసేసినావు గదా. నా గుంటడిని ఎందుకు సెయ్యనేదు?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆ అమ్మాయి మామ్మ చంపిందని అనుకోవడం లేదు. బతికించగలిగీ బతికించలేదని అనుకుంటోంది. అంత శక్తి ఉన్న మనిషి, తన కొడుకు విషయంలో ఎందుకు చెయ్యి ముడుచుకుందని అడుగుతోంది. లోకంలో చిల్లంగి పుట్టింది అక్కడేనేమో అనిపించింది. ఏదైనా చేయగలదని నమ్మిన చెయ్యి, ఒక్కసారి చేయలేకపోతే, ఆ నమ్మకమే పగగా మారుతుంది.

మామ్మ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అమ్మకి కోపం వచ్చింది అనొచ్చు. మీరు నా మాట వినలేదు కాబట్టి ఇలా అయింది అనొచ్చు, అంటే సగం కాలనీ భయంతో కాళ్ల మీద పడేది. ఆవిడ ముందుకి జరిగి రెండు చేతులూ ఆ అమ్మాయి ముందు చాపింది. నూనెతో నున్నబడిన, గోళ్లు అరిగిపోయిన చేతులు.

"నాకేటీ రాదే అమ్మా. ఈ సేతుల్లో ఏటీ నేదు. గొణుగుతాను గదా, అది మంత్రం కాదు. మా అత్త సెప్పినాది, గుంట ఏడిత్తే అమ్మా కాయి తల్లీ, అమ్మా కాయి తల్లీ అనుకోమని. అంతే అనుకుంతాను. ఆ దారం ఉత్త దారం. బాగయినోల్లు ఆల్లంతట ఆల్లే బాగయినారు. నాను సేసినానని మీరన్నారు, నాను ఊరుకున్నాను. నీ గుంటడికీ అంతే సేసినాను. అంతకన్నా నాకు తెల్దు. తెలిసుంటే నా పేనం ఇచ్చేద్దును గదే."

గుడి దగ్గర మిగిలినవాళ్లందరూ విన్నారు. ఘటం ఎత్తిన మనిషి, అత్తల నుంచి అత్తలకి వచ్చిన విద్య ఉన్న మనిషి, అది విద్యే కాదని అందరి ముందూ చెప్పేసింది. అది ఎంత నిజమో, ఆ అమ్మాయి కోసం ఎంత తగ్గించి చెప్పిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆవిడకి జీవితంలో ఉన్న ఆస్తి అదొక్కటే అని మాత్రం తెలుసు. దాన్ని అలా తీసి ఆ అమ్మాయి ఒళ్లో పెట్టేసింది.

ఆ అమ్మాయి ఆ చేతుల్ని పట్టుకుని మొహానికి అదుముకుంది. అప్పుడు ఏడ్చింది. అన్నాళ్లూ కడుపులో దాచుకున్నదంతా ఏడ్చింది. మామ్మ కూడా. నా పక్కన మా అమ్మ ముక్కు చీదుకుంటోంది. మా పిల్ల ఎవరూ తనని పట్టించుకోవడం లేదని తానూ రాగం తీసింది.

ఎప్పటికో పెద్దాయనకి పువ్వు గుర్తొచ్చింది. చూస్తే రాయి మీద పువ్వు లేదు. కుడివైపూ లేదు, ఎడమవైపూ లేదు. గడప దగ్గర మేక నిలబడి నెమ్మదిగా నములుతోంది. తాడు ఎప్పుడు తెంపుకుందో, లోపలికి ఎప్పుడు వెళ్లిందో ఎవరూ చూడలేదు.

"ఓలమ్మో, ఇదేటిరా బాబూ! కుడా, ఎడమా?" అని పెద్దాయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ముందు ఎవరు నవ్వారో తెలీదు. తర్వాత అందరూ నవ్వారు, ఏడుస్తున్న ఇద్దరూ కూడా. పెద్దాయన మేకని కాసేపు కోపంగా చూసి, "ఇక ఇళ్లకి ఎల్లండి" అన్నాడు. తర్వాత ఏ పండగకీ ఆ మేక జోలికి ఎవరూ వెళ్లలేదు. అమ్మోరి మాట దాని కడుపులో ఉందని కాలనీలో హాస్యం.

ఆ తర్వాత మామ్మ దారాలు కట్టడం మానేసింది. ఎవరైనా జ్వరమని వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లమనేది. చిల్లంగి మాట దానంతటది చల్లారింది, ఏమీ రాదని ఒప్పుకున్న మనిషిని చూసి భయపడటం కష్టం కదా. కానీ పొద్దున్న వరస మళ్లీ కట్టలేదు. మా పిల్లకి కూడా ఆవిడ నీళ్లు పోయలేదు. ఎంత బతిమాలినా, "వొద్దు పంతులమ్మా, నా సెయ్యి వణుకుతంది" అనేది. పీట గోడకి చేరవేసింది. నాకు మా అమ్మాయికి నీళ్లు పోయడం ఎలాగోలా వచ్చింది, సగం నీళ్లు నా మీదే పోసుకునేదాన్ని అనుకోండి. మామ్మ పాక గుమ్మంలో కూర్చుని దూరం నుంచే "తల కాయి, తల కాయి" అని అరుస్తూ ఉండేది.

మరో ఏడాది గడిచాక ఎదురింటి అమ్మాయికి మళ్లీ కాన్పయింది. ఆడపిల్ల. పురుడు వెళ్లిన మర్నాడు పొద్దున్నే గోడ పక్క చప్పుడైతే కిటికీలోంచి చూశాను. ఆ అమ్మాయి ఒక చేత్తో పిల్లనెత్తుకుని, రెండో చేత్తో మామ్మ పీట లాక్కొచ్చి పెరట్లో వేస్తోంది. కాగు కింద అప్పటికే మంట పెట్టి ఉంది.

"అత్తా, రా. కూకో."

మామ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "నాకేటీ రాదని సెప్పినాను గదే."

"నీలు పొయ్యడానికి ఏటి రావాలే?"

మామ్మ వచ్చింది. కూర్చుంది. కాళ్లు చాపింది. ఆ అమ్మాయి వంగి, పసిదాన్ని ఆవిడ కాళ్ల మీద పడుకోబెట్టి, చెంబుతో నీళ్లు ముంచి చేతికిచ్చింది. చెంబు పట్టుకున్న మామ్మ చెయ్యి గజగజ వణుకుతోంది, నీళ్లు అంచు మీంచి ఒలికిపోతున్నాయి. ఆ అమ్మాయి పక్కనే గొంతుక్కూర్చుని, ఆ చేతి కింద తన చెయ్యి పెట్టింది.

"బయపడకత్తా," అంది. "పొయ్యి. నాను పట్టుకున్నాను."